చెయ్యి అడ్డొచ్చిన ఫొటో

2025 నవంబరు 24, సోమవారం. ఉదయం ఆరున్నర. విజయనగరం రైల్వే స్టేషను.

ఉన్నవాళ్లు: నేను, వయసు డెబ్బై రెండు. నా భార్య సరోజ, వయసు ఆమె కోరిక మీద రాయడం లేదు. కవరులో ఒక నెగటివు, అందులో పేరు తెలియని ఒక ఆడమనిషి.

ఏ ప్రయాణమైనా నా డైరీలో తేదీతోనూ, ఉన్నవాళ్ల పేర్లతోనూ మొదలవుతుంది. ఈసారి మూడో మనిషి దగ్గర కలం ఆగింది. ఆ పేరు కోసమే నంద్యాల నుంచి ఇంత దూరం వచ్చాం.

1984లో కాలువ సర్వే పనిమీద నన్ను ఏడాదిపాటు శ్రీకాకుళం జిల్లాకు పంపారు. నేను డ్రాఫ్ట్స్‌మన్‌ని. అప్పట్లో ఒక పాత కెమెరా కొనుక్కుని ఆదివారాలు పొలాల వెంట తిరిగేవాణ్ణి. ఫిల్ములు నేనే కడిగి, నెగటివులకు నంబర్లు వేసి, ఒక్కొక్కదాని వివరం డైరీలో రాసేవాణ్ణి. మొన్న వేసవిలో మా అమ్మాయి వాటిని కంప్యూటర్లోకి ఎక్కిస్తూంటే ఏడో రోలు పంతొమ్మిదో బొమ్మ తెరమీద పెద్దగా కనబడింది. వరిగట్టు మీద ఒకావిడ, తలమీద గడ్డిమోపు. నవ్వు ఆపుకోలేక కుడిచేత్తో నోరు మూసుకుంది. ఆ చెయ్యి కదిలి కాస్త మసకబారింది. కళ్లు మాత్రం స్పష్టంగా ఉన్నాయి, వాటినిండా నవ్వే.

డైరీ తీసి చూస్తే నా దస్తూరీలో ఇలా ఉంది: "రోలు 7, బొమ్మ 19. కోటబొమ్మాళి దగ్గర. అపర్చరు 8, షట్టరు 60. సాయంకాలం పక్క వెలుతురు చాలా బాగుంది. మనిషి కదిలింది. పాడైంది. ప్రింటు పంపాలి."

పని అయిపోతే పక్కన టిక్కు పెట్టడం నా అలవాటు. అక్కడ టిక్కు లేదు.

"వెలుతురు ఎటునుంచి వచ్చిందో రాసుకున్నారే, ఆమె పేరు రాసుకోలేదా?" అంది సరోజ.

రాసుకోలేదు. "పంపుతావేటి బాబూ?" అని ఆవిడ అడగడం, తప్పకుండా పంపుతానని నేను చెప్పడం జ్ఞాపకం ఉన్నాయి. పాడైన ఫొటో ఇవ్వడం నామోషీ అనిపించి ప్రింటు వెయ్యలేదు. అంతే కారణం.

గంటస్తంభం దగ్గర

ప్రింటు మా ఊళ్లోనే వేయించవచ్చు. కానీ పాత పద్ధతిలో, చీకటిగదిలో, కాగితం మీద వేయించాలని నా పట్టుదల. అలాంటి పని ఇంకా చేయగలిగిన మనిషి విజయనగరంలో ఉన్నాడని తెలిసింది. పేరు మూర్తిగారు, నాకంటే ఆరేళ్లు పెద్ద. గంటస్తంభానికి కాస్త ఎడంగా సందులో స్టూడియో. ముందుగదిలో ఇప్పుడు జిరాక్సు మిషను, లామినేషను. వెనకగదిలో గుడ్డ కప్పిన, బొమ్మ పెద్దది చేసే ఎన్‌లార్జరు.

మేము వెళ్లేసరికి ఆయన పూరీ తింటున్నారు. మమ్మల్నీ కూర్చోబెట్టి తెప్పించారు. ప్లేటు నలభై రూపాయలు. ఇక్కడ పూరీలోకి బంగాళదుంప కూరకు బదులు శనగపిండితో చేసిన పల్చని పసుపురంగు చట్నీ పోస్తారు, దాన్ని బొంబాయి చట్నీ అంటారు. కారానికి అలవాటుపడ్డ నా నాలుకకు అది చప్పగా అనిపించింది. సరోజ మాత్రం రెండోసారి వేయించుకుంది.

మూర్తిగారు నెగటివును కిటికీ వెలుతురుకు పట్టి చాలాసేపు చూశారు.

"పాడైపోనాదని ఎవలన్నారు?"

నేనేనన్నాను.

"మీరు ఆవేళ వెలుతురుని తీద్దారని ఎల్లారు. మధ్యలో మడిసి వచ్చిసినాది. అదీ మీ బాధ" అన్నారు నవ్వుతూ.

నలభై ఏళ్లు ఫొటోలు తీసినవాణ్ణి, చిన్న బహుమతులు కూడా రెండు వచ్చినవాణ్ణి. ఇంత సూటిగా నాకెవరూ చెప్పలేదు. ఆయన తన దగ్గర దాచుకున్న పాత కాగితాల పెట్టె తెరిచారు. మొదటి రెండు కాగితాలు నల్లబడిపోయాయి. మూడోది పనికొచ్చింది. ఎర్రదీపం కింద, మందునీళ్ల తొట్టెలో, ముందు జుట్టు పైకి తేలింది. తరవాత కళ్లు. ఆ తరవాత చెయ్యి. ఎంతివ్వాలని అడిగితే మందుల ఖర్చు కింద వంద తీసుకుని, మిగతాది వెనక్కి తోశారు. ఆయనకు నేను చాలా రుణపడి ఉన్నాను.

ప్రింటు పూర్తిగా ఆరలేదు. మడవకూడదు, కవరులో పెట్టకూడదు అన్నారు. బస్టాండు దాకా ఆటోలో సరోజ దాన్ని ఒళ్లో తెరిచి పట్టుకుని కూర్చుంది. ఆటోడ్రైవరు అద్దంలో రెండుసార్లు చూసి, గొంతు తగ్గించి, "ఎప్పుడు పోనారమ్మా?" అని అడిగాడు. సరోజ కంగారుపడి ఈ మధ్యనే అనేసింది. దిగేటప్పుడు అతను ఇరవై రూపాయలు తక్కువ తీసుకున్నాడు. ఎంత చెప్పినా వినలేదు.

అరసవల్లి, శ్రీకూర్మం

అరసవల్లిలో గుడికి దగ్గరగా ఒక లాడ్జిలో దిగాం. గది ఎనిమిది వందలు. ఆరే కాగితం వంకర తిరుగుతుంది. అందుకని రెండు దినపత్రికల మధ్య పెట్టి పరుపు కింద దాచి, ఆ పరుపు మీద సరోజ పడుకుంది. పొద్దున్న లేచి చూస్తే చదునుగా వచ్చింది. "నా బరువు ఇన్నాళ్లకు మీకు పనికొచ్చింది" అంది.

మంగళవారం పొద్దున్నే సూర్యనారాయణస్వామిని దర్శించుకుని శ్రీకూర్మం వెళ్లాం. గుడి వెనక తాబేళ్లకు ఆకుకూర వేశాం, కట్ట పది రూపాయలు. ప్రాకారం మంటపంలో గోడల నిండా పాత రంగుల బొమ్మలు. కొన్ని చెరిగాయి, కొన్నిటికి ముఖం పోయి ఒంటి గీతలే మిగిలాయి. కెమెరా గదిలో వదిలి వచ్చినందుకు మొదట బాధపడ్డాను. తరవాత గమనించాను, ఒక బొమ్మ ముందు పదినిమిషాలు నిలబడటం నా జీవితంలో అదే మొదటిసారి. కెమెరా ఉంటే అరనిమిషంలో తీసుకుని ముందుకు పోయేవాణ్ణి.

గుడి బయట భోజనం తొంభై రూపాయలు. కూర ఏమిటని అడిగితే ఆనపకాయ నువ్వుపిండి అన్నారు. మేము సొరకాయ అనేదే. అందులో కొంచెం బెల్లం తగిలింది. మా వైపు కూరలో బెల్లం పడితే పొరపాటున పడిందనుకుంటారు. ఇక్కడ పడకపోతే పొరపాటు.

కోటబొమ్మాళి

బుధవారం బస్సు దిగగానే వెతకడం మొదలుపెట్టాం. పేరు లేదు, ఊరు లేదు, ఒక ప్రింటు మాత్రం ఉంది. ధాన్యం బస్తాలు ఎత్తిస్తున్న ఒక రైతుకు చూపించాను. ఆయన పక్కవాళ్లను పిలిచాడు. నలుగురూ చూశారు.

"మూతి కనపడకపోతే ఎవలని సెప్తాం బాబూ. ఫొటో తీసీవోడు సెయ్యి తియ్యమని సెప్పనేదేటి?" అన్నాడు రైతు.

అది తీసింది నేనేనని చెప్పలేదు.

మధ్యాహ్నం దాకా తిరిగి, అలసిపోయి, టీకొట్టు బల్ల మీద కూర్చున్నాం. టీ పది రూపాయలు, గారెలు రెండు పది. గారెలు వేస్తున్న ముసలావిడ మా చేతిలో ఫొటో చూసింది. చూడగానే చేతిలోని చిల్లుల గరిటె పక్కన పెట్టేసింది.

"సూరి కాదేటి ఇది! ఓలమ్మో, మా సూరే."

ఎలా పోల్చావని సరోజ అడిగింది.

"ఆ సెయ్యి సూసి. ఎదర పళ్లు రెండు ఎత్తుగా ఉండీవి దానికి. నవ్వొస్తే సెయ్యడ్డమెట్టుకునీది. పెళ్లిపీటల మీదా అంతే. మాదీ దానిదీ ఒకటే ఊరు."

నేను పాడైందని రాసుకున్నదే ఆమె గుర్తు. డైరీలో ఆమె పేరు రాశాను. సూరమ్మ. ఆవిడ చెప్పిన రెండో సంగతి కూడా రాయాల్సి వచ్చింది. నేను ఫొటో తీసిన రెండేళ్లకు జ్వరం వచ్చి మూడు రోజుల్లో సూరమ్మ పోయింది.

గోడ మీద

సూరమ్మ ఊరు అక్కడికి నాలుగు కిలోమీటర్లు. పేరు రాయవద్దని ఆ ఇంటివాళ్లు కోరారు. సూరమ్మ కొడుకు సింహాచలం, యాభై ఏళ్ల రైతు. భార్య పార్వతి. కూతురు జ్యోతి డిగ్రీ చదువుతోంది. మేము వెళ్లేసరికి ఇల్లంతా కడుగుతున్నారు. మర్నాడు మార్గశిర గురువారం, లక్ష్మీదేవి పూజ. మా వైపు బేస్తవారం అంటాం, ఇక్కడ లచ్చివారం. ఈ నెలలో ఆ వారం వీళ్లకు ఎంత ముఖ్యమో ఆ కడగడం చూస్తేనే తెలిసింది.

ఎవరో ఏమిటో తెలియకముందే కాళ్లకు నీళ్లు, తాగడానికి చోడి అంబలి ఇచ్చారు. చోళ్లంటే మా రాగులే. అంబలి తాగాక వచ్చిన పని చెప్పి ప్రింటు చేతిలో పెట్టాను. సింహాచలం దాన్ని చూశాడు, తల ఎత్తి గోడ వైపు చూశాడు, మళ్లీ ప్రింటు చూశాడు.

గోడమీద దండ వేసిన ఫొటో ఒకటి ఉంది. జుట్టు నెరిసిన ఆడమనిషి, మూసిన పెదవులు, ముక్కున నత్తు. అద్దం మీద ఏళ్ల తరబడి పెట్టిన కుంకుమ, గంధం గట్టిగా పేరుకుపోయాయి. ఆ ముఖానికీ ప్రింటులోని ముఖానికీ పోలిక కొద్దిగానే ఉంది.

"మా అమ్మ అది" అన్నాడు గోడ చూపిస్తూ. "ఇదెవలో మరి."

పార్వతి వెంటనే ఆడపడుచుకు ఫోను చేసింది. గంటలో ఆటో దిగింది రమణమ్మ. యాభై ఎనిమిదేళ్లు, పొట్టిగా, గట్టిగా ఉంది. సింహాచలానికి అక్క; అక్కను ఇక్కడ అప్ప అంటారు. ఆమె ప్రింటును రెండు చేతుల్లోకి తీసుకుని అరుగుమీద కూలబడింది. ఏడవలేదు. చీరచెంగుతో ఫొటో అంచు తుడిచి, "అమ్మ" అంది.

గోడమీద ఉన్నదెవరో ఆమే చెప్పింది. సూరమ్మ పోయేనాటికి ఇంట్లో ఆమె ఫొటో ఒక్కటీ లేదు. సంవత్సరీకానికి ఫొటో కావాలి. స్టూడియో ఆయన, ఆవిడ పోలిక ఎవరికి వచ్చిందని అడిగాడు. అప్పటికి రమణమ్మకు పంతొమ్మిదేళ్లు. తల్లి చీర కట్టి, తల్లి నత్తు పెట్టి, ఆమెను కూర్చోబెట్టి తీశాడు. తరవాత కుంచెతో జుట్టు నెరిపించి, నుదుటిమీద రెండు ముడతలు గీశాడు. ఫొటోలేని పెద్దలకు అప్పట్లో చాలా ఇళ్లలో అలాగే చేసేవారట.

"బతికున్నదాన్ని దండ కింద కూకున్నాను బాబూ, నలబై యేళ్లు. నాకు జొరమొస్తే మా అత్త ఆ దండనే తిట్టీది. మా ఆయన పోనప్పుడు కూడా అదే మాటన్నాది. ఈ ఇంటికొస్తే ఆ గోడకేసి సూడను నాను."

నేను అన్న ప్రకారం అప్పుడే ఎవరిచేతనైనా ఒక ప్రింటు పంపి ఉంటే ఆ గోడకు వేరే ఫొటో అక్కర్లేదు. ఆ మాట వాళ్లతో అనేశాను. ఎవరూ నన్ను తప్పుపట్టలేదు. పార్వతి లోపలికి వెళ్లి ఇంకో గ్లాసు అంబలి తెచ్చింది.

దాన్ని దింపెయ్యి, దీన్ని పెట్టు అంది రమణమ్మ. సింహాచలం ఒప్పుకోలేదు. పూజలో పెట్టే ఫొటోకు ముఖం నిండుగా కనబడాలి, చెవులు రెండూ కనబడాలి, ఇలా నోరు మూసుకుని నవ్వే మనిషికి దణ్ణం ఎలా పెడతామన్నాడు. అప్పుడు జ్యోతి నా ప్రింటును ఫోనుతో తీసి, ఏదో యాప్‌లో పెట్టి, చెయ్యి చెరిపేసింది. నిమిషం పట్టలేదు. చెయ్యి ఉన్నచోట చక్కని పెదవులు, ముత్యాల్లాంటి పలువరస వచ్చాయి. ఫోను చేతులు మారింది.

"ఎవర్తే ఇది? బాగున్నాది గానీ, మీ నాన్నమ్మ కాదు" అంది రమణమ్మ.

సింహాచలం కూడా నవ్వాడు. ఫోను తిరిగి ఇచ్చేశాడు. కానీ గోడ మాట వచ్చేసరికి మళ్లీ బిగుసుకున్నాడు. తల్లి పోయేనాటికి అతనికి పదకొండేళ్లు. నిజం ముఖం మనసులోంచి ఎప్పుడో చెరిగిపోయింది. గోడమీదిదే మిగిలింది.

"పొద్దున్నే పొలానికి ఎల్లీముందు ఆ ఫొటోకి సెప్పుకునే ఎల్తాను. ఏటి సేస్తన్నానో, ఎంత అప్పైనాదో, అన్నీ. ఇప్పుడు అది అమ్మ కాదంటే, నాను ఎవలికి సెప్పుకున్నట్టు?"

"నాకే సెప్పుకున్నావురా" అంది రమణమ్మ. "నలబై యేళ్లు నాకే సెప్పుకున్నావు. నాను వచ్చి ఎదురుగా కూకుంటే మాత్రం ఒక్క ముక్క సెప్పవు."

సింహాచలం లేచాడు. పశువులకు గడ్డి వెయ్యాలని బయటికి వెళ్లిపోయాడు. వెళ్తూ, ఈ పూట మీరు ఇక్కడే ఉండాల అని మాతో మాత్రం అన్నాడు. ఉన్నాం. ఆనపకాయ పులుసు, నువ్వుల పొడి, గడ్డపెరుగు. సరోజకు పార్వతి తన చీర ఇచ్చింది. గోడ ఊసు ఎవరూ ఎత్తలేదు. ప్రింటు బియ్యం డబ్బా మీద ఉంది.

మర్నాడు ఉదయం

గురువారం నేను ఐదింటికే లేచాను. వాకిట్లో పార్వతి, జ్యోతి బియ్యప్పిండితో ముగ్గు వేస్తున్నారు. గుమ్మం నుంచి పూజగది దాకా లక్ష్మి పాదాలు. లోపల గోడమీద చతురస్రంగా తెల్లటి మచ్చ ఉంది. ఫొటో లేదు.

అది అరుగుమీద రమణమ్మ ఒళ్లో ఉంది. తమ్ముడే దింపి తెచ్చి ఇచ్చాడట. దండ తీసేశారు. ఆమె తడిగుడ్డతో అద్దం తుడుస్తోంది. గంధం ఊడి రావడం లేదు, గోటితో గీకుతోంది. కాసేపటికి ముఖం మొత్తం బయటపడింది. కుంచె వేసిన తెల్లజుట్టు కింద పంతొమ్మిదేళ్ల పిల్ల, చెక్కిళ్లు నున్నగా, మెడ నిటారుగా.

"సరోజమ్మా, ఇలగొచ్చి సూడు" అని పిలిచింది. "నా వయసు ఫొటో నాకు ఇది ఒక్కటే. ఎంత బాగుండీదాన్నో సూడు. తల ముగ్గుబుట్ట సేసీసినాడు గానీ."

సరోజ చూసి, ఈ పిల్లను మా ఊళ్లో చూసి ఉంటే మా మరిదికి అడిగేవాళ్లమంది. రమణమ్మ చాలా సంతోషించింది. ఫొటోను పాత చీరలో చుట్టి సంచిలో పెట్టుకుంది.

సింహాచలం స్నానం చేసి వచ్చాడు. నా ప్రింటును తీసుకెళ్లి, అదే మేకుకు దారం కట్టి తగిలించాడు. ఇంకా ఫ్రేము లేదు. దండ తేనా అని జ్యోతి అడిగితే, వద్దమ్మా అన్నాడు. ఒక్క నిమిషం దాని ముందు నిలబడ్డాడు. కొత్త మనిషి ముందు నిలబడినట్టే నిలబడ్డాడు. తరవాత కొడవలి అందుకుని అరుగుమీదికి వచ్చి, అక్క పక్కన కూర్చున్నాడు.

"ఇయ్యాల కోతకి ఎనిమిది మంది వస్తన్నారప్పా" అన్నాడు, నేల చూస్తూ. "తూరుపు సెక్క ముందు కోయిద్దునా, పల్లం ముందు కోయిద్దునా అని ఆలోచన. మబ్బు పట్టి ఉన్నాది. బయమేస్తాది."

రమణమ్మ ఆకాశం వైపు చూసింది.

"పల్లమే ముందు కోయించు. నీళ్లు నిలిస్తే అక్కడే నిలుస్తాది. తూరుపు సెక్క మెట్టు మీద ఉన్నాది, రెండురోజులు ఆగుతాది."

అతను తల ఊపి లేచి వెళ్లాడు. సంచి పార్వతికి ఇచ్చి, చెంగు నడుముకు దోపుకుని, పల్లానికి రమణమ్మ కూడా వెళ్లింది.